గోడ కూలిన చోట కొలిమి

మొన్న మా మనవరాలు మేడ మీద పాత రంగు డబ్బా, బంకమట్టి, ఇసుక, ఒక ఇనుప గొట్టం, జుట్టు ఆరబెట్టుకునే మిషను ముందర వేసుకొని కూర్చుంది. ఏం చేస్తున్నావమ్మా అంటే, తక్కువ ఖర్చుతో ఇంట్లోనే కొలిమి కట్టుకుంటున్నానని చెప్పింది. కాలేజీలో తోటిపిల్లలెవరో కట్టారట. ఈమె ఫోనులో చూసి నేర్చుకుంటున్నది.

"కిందికి పో తాతా, పొగ వస్తది" అన్నది.

మా వంశంలో ఒకరు పొమ్మంటే పోయే అలవాటు లేదు. కుర్చీ తెప్పించుకొని అక్కడే కూర్చున్నాను. ఆమె మట్టి మీద నీళ్ళు చల్లింది. ఆ వాసన లేచేసరికి కరీంనగర్‌లోని మా మేడ, చుట్టూ ఉన్న ఇళ్ళు వెనక్కి జరిగిపోయాయి. ఒక కూలిన గోడ, దాన్ని ఆనుకొని గుర్రాలు లేని గుర్రాల కొట్టం కళ్ళ ముందు నిలిచాయి.

మా ఊరు ఖానాపూర్‌కు ఎడ్లబండి మీద ఒక పూట దూరం. మాది దొరల ఇల్లు, ఊళ్ళో గడీ అనేవారు. నాకు బుద్ధి తెలిసేనాటికే సర్కారు మారింది, వెట్టి పోయింది, కౌలుదార్ల చట్టం వచ్చింది. భూములు దున్నేవాళ్ళ చేతికి పోయాయి. పోవలసినవే పోయాయని కొందరు, అన్యాయమని కొందరు అనేవారు. మా నాన్న, బాపు, ఏమీ అనేవారు కాదు. ఏమీ అనకపోవడం మా ఇంటి పద్ధతి. మిగిలింది వాగు అవతల వాన మీద పండే ఒక మెట్ట చెలక, ఒక జత ఎడ్లు, వాటిని మేపే ముసలి జీతగాడు. అవ్వ, అంటే మా అమ్మ, నా పసితనంలోనే పోయింది. ఇల్లు నడిపింది మేనత్త, నేను అత్తమ్మ అనేవాణ్ణి. ఆమె నోటికి బాపు కూడా అడ్డం వచ్చేవారు కాదు.

నన్ను నిర్మల్‌లో చదువుకు పెట్టారు. ఆ ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చేసరికి గడీలో ఏదో తేడాగా ఉంది. అత్తమ్మ ఊరగాయ జాడీలకు గుడ్డలు కడుతున్నది గానీ, కట్టిన వాటిని అటక ఎక్కించకుండా తలుపు పక్కన వరుసగా పెడుతున్నది.

"ఎందుకత్తమ్మా ఇక్కడ పెడుతున్నవ్?"

"బండి ఎక్కియ్యాలంటే అల్కగ ఉండాలె గద" అన్నది. తర్వాత తనే చెప్పింది. మెట్‌పల్లిలో మా అవ్వ తరఫు చుట్టం ఒకాయన ఉన్నాడు. పసుపు వ్యాపారం. చెలక తాను తీసుకుంటానని, మమ్మల్ని తన ఇంటి వెనుక గదుల్లో ఉండమని కబురు పెట్టాడట. ఈ వానకాలం చెలకలో విత్తనం పడితే సరి, పడకపోతే ఆ వెనుక గదులే. బాపు ఆ మాట ఇచ్చేశారు.

"విత్తనం పడక ఏమయితది?"

"కర్రు లేదు కొడుకా" అన్నది అత్తమ్మ.

నాగలి కొనకు ఉండే ఇనుప ముక్కనే కర్రు అంటారు. ఏటేటా అరిగిపోయి మొద్దుబారుతుంది. కమ్మరి దాన్ని కాల్చి, సాగగొట్టి, మళ్ళీ మొనదేల్చాలి. వెనుకటి రోజుల్లో మృగశిర కార్తెకు, మా మాటలో మిరుగానికి, ముందు కమ్మరి తన సరంజామా మోసుకొని గడీకి వచ్చేవాడు. మా కర్రులన్నీ అయ్యేదాకా ఊళ్ళో మరొకరి కర్రు ముట్టరాదు. వెట్టి పోయిన ఏడు ఆ కమ్మరి మా పెద్ద దర్వాజ ముందు నిలబడి, ఇక ఈ గడప తొక్కనని పదిమంది వినేటట్టు చెప్పి వెళ్ళాడు. పని చేయనని మాత్రం అనలేదు. కర్రు పంపితే అందరితో పాటు వరుసలో పెట్టి చేస్తానన్నాడు.

"మా కర్రు వరుసల నిలబడది" అన్నారు బాపు.

అటక మీద పాత కర్రులు ఉండేవి. ఒక్కొక్కటే తీసి వాడుతూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. ఇప్పుడు చివరిది కూడా అరిగి, బొటనవేలంత మొద్దుగా మిగిలింది.

నేను అదే రోజు గుర్రాల కొట్టంలోకి వెళ్ళాను. మేమే ఒక కొలిమి పెట్టుకుంటే వరుసా లేదు, గడపా లేదు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు వస్తుంది గానీ, అప్పుడు నాకది రాజనీతిలా తోచింది.

కొట్టం వెనుక గోడ అంతకుముందు ఏటి వానకు సగం కూలింది. బయట వీధి, మా మాటలో బజారు, కనిపించేది. ఆ కూలిన చోటే పొగ పోవడానికి బాగుంటుందని కొలిమి గద్దె అక్కడ కట్టాను. మొదట చెరువు రేగడితో కట్టాను. నిప్పు పెట్టగానే టపటప పగిలి పెంకులు ఎగిరాయి. జీతగాడు చూసి, "చిన్నదొరా, పటాకులు దీపావళికి గద కాల్సేది" అన్నాడు. రెండోసారి పుట్టమన్ను తెచ్చి, ఊక, పేడ, మేక వెంట్రుకలు కలిపి తొక్కాను. నీడన ఆరబెట్టాను. అది నిలిచింది.

గాలి గొట్టానికి ఇనుము కావాలి. సర్కారు వచ్చినప్పుడు మా బందూకులన్నీ అప్పగించాం. పేలి చెడిపోయిన ఒకదాని గొట్టం మాత్రం ఎవరికీ పనికిరాక మూలన పడి ఉంది. దాన్ని తీసి మట్టిలో పాతాను. ఆ సాయంత్రం బాపు అటు వచ్చారు. తాతగారి వేట బందూకు గొట్టం పొయ్యిలో తల దూర్చి ఉండడం చూశారు. 

"వంకర పెట్టినవ్. సర్దు" అని వెళ్ళిపోయారు.

ఇక గాలి ఊదే తిత్తి. తోలు కొనే మాట లేదు. బావి ఎండిపోయాక మోట బొక్కెన గోడకు వేలాడుతూనే ఉంది. నీళ్ళు తోడే పెద్ద తోలు సంచి, దాని అడుగున ఏనుగు తొండంలాంటి గొట్టం. ఆ తొండాన్ని బందూకు గొట్టానికి కడితే సరిపోతుందని ఎవరూ చెప్పకుండానే నాకు తట్టింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఎండి కొయ్యయిన తోలుకు ఆముదం రాసి రాసి మెత్తబరిచాను. సంచి మూతిని రెండు పలకల మధ్య బిగించి, పై పలకకు తాడు కట్టి దూలం మీదుగా వేశాను. తాడు లాగితే సంచి ఉబ్బుతుంది. వదిలితే పలక మీది రాయి బరువుకు అణిగి గాలి ఊదుతుంది. కానీ లోపలికి గాలి రావడానికి వేరే దారి పెట్టడం మరిచిపోయాను. మొదటిసారి తాడు లాగగానే సంచి పొయ్యిలోని పొగనూ నిప్పురవ్వలనూ కలిపి పీల్చింది.

అత్తమ్మ వంటింట్లోంచి అరిచింది. "ఏం కాలుతాందిరా? ఎవల చెప్పులు కాలుతున్నయ్?"

చెప్పులు కాలలేదు గానీ చెప్పులతోనే దారి దొరికింది. బాపు దర్బారుకు వేసుకున్న పాత జోడు నాలుక కోసి, పై పలకకు చిల్లు పెట్టి, లోపలివైపు రెప్పలా కుట్టాను. లాగితే తెరుచుకొని, వదిలితే మూసుకుంది. బొగ్గులు అత్తమ్మ కుంపటివి. పట్టుకారు వంటింటిది. సుత్తె ఒకప్పుడు వేట డేరాల మేకులు దిగ్గొట్టినది. ఇనుము పెట్టి కొట్టే దాకలికి మాత్రం ఏమీ దొరకలేదు. చివరికి ధాన్యం తూచే పెద్ద ఇనుప గుండును తుమ్మ మొద్దులో సగం పాతాను. పంటలో గడీ పాలు తూచింది దానితోనే గనుక ఊరంతా ఒకప్పుడు ఆ గుండుకు భయపడేది. ఇప్పుడు దాని మీద నేను వంగిపోయిన మేకులు సాపు చేస్తూ చేయి అలవాటు చేసుకున్నాను. ఉన్నది ఒక్క కర్రే గనుక చేయి కుదిరేదాకా దాని జోలికి పోలేదు.

"ఇనుము పెట్టకుంట ఉత్త గుండు మీద కొట్టకురా. ఇంట్ల కొట్లాట వస్తది" అనేది అత్తమ్మ.

"మనింట్ల కొట్లాడేటందుకు ఎవలున్నరత్తమ్మా?"

"అందుకే, ఉన్నోళ్ళ మీదికి రానియ్యకు."

సుత్తె చప్పుడు ఊళ్ళోకి పోయింది. బజారున పోయే ఆడవాళ్ళు కూలిన గోడ దగ్గర ఆగి తొంగిచూసేవారు. "దొర ఇంట్ల కమ్మరోడు పుట్టిండే!" అని నవ్వుకునేవారు. నేను తల ఎత్తకుండా కొట్టేవాణ్ణి. నవ్వేవాళ్ళ ముఖం చూడకపోతే నవ్వు మనకు తగలదని మా తాతగారు చెప్పేవారట. తగిలేది.

మిరుగం నాడు అత్తమ్మ ఇంగువ బెల్లం ఉండలు చేసి తలా ఒకటి నోట్లో పెట్టింది. ఒళ్ళు వేడిగా ఉండాలని, వాన జబ్బులు రావొద్దని. ఆ ఘాటు ఇంకా నాలుక మీద ఉండగానే ఉత్తరాన మబ్బు పట్టింది. వాన పడింది. మళ్ళీ పడింది. ఊరి నాగళ్ళన్నీ కదిలాయి. మా ఎడ్లు మాత్రం పశువుల కొట్టంలో నెమరు వేస్తూ నిలబడ్డాయి. చెట్ల వెనుక నుంచి దున్నేవాళ్ళ అదిలింపులు వినిపిస్తుంటే బాపు అరుగు మీద కూర్చొని, వీపు కుర్చీకి ఆనించకుండా, ఎటో చూస్తూ ఉన్నారు.

వాన వెలిసిన పొద్దున కర్రును పొయ్యిలో పెట్టాను. తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి. ఇనుము ఎర్రబడింది. గుండు మీద పెట్టి కొట్టాను. సాగింది! మళ్ళీ కాల్చాను, మళ్ళీ కొట్టాను. మొన వచ్చింది. నా చేతుల్లో ఇనుము వంగిందన్న సంతోషంతో ఏం చేయాలో తెలియక పట్టుకారుతో పట్టుకొని చూస్తున్నాను. అప్పుడే చెలక చూసి వస్తున్న జీతగాడు బజారులోంచే కేక పెట్టాడు.

"పదును పోతాంది చిన్నదొరా! జల్ది! పదును పోతాంది!"

నిర్మల్ చదువులో నాకు తెలిసిన పదును ఒక్కటే. కత్తి పదును, ఇనుము పదును. చేతిలో ఉన్నదాని పదునే పోతున్నదనుకొని, ఎర్రటి కర్రును మొత్తంగా నీళ్ళ తొట్టిలో ముంచేశాను. బుస్సుమన్నది. ఆవిరి ముఖానికి కొట్టింది. తీసి చూస్తే నల్లగా, గట్టిగా, అందంగా ఉంది.

నాగలికి బిగించి ఎడ్లను తోలుకుపోయాం. నల్ల మన్ను తెరుచుకుంటుంటే వేడి రొట్టె తుంచినప్పటి వాసన వచ్చింది. రెండు సాళ్ళు పోయాయో లేదో, వాగు పక్కన మొరం రాయి తగిలింది. టక్కుమన్నది. ఎడ్లు ఆగాయి. కర్రు మొన విరిగి మన్నులో ఉంది.

జీతగాడు వంగి ముక్కను తీశాడు. "గిదేంది, గాజు లెక్క ఇరిగింది? ఎట్ల సల్లార్చినవ్?"

"తొట్టిలో ముంచిన. నువ్వే గద పదును పోతాందంటివి!"

ఆయన నన్ను చూశాడు. పిడికెడు మన్ను తీసి ఉండ చేసి నా ముఖం ముందు పెట్టాడు. "నేను గీ పదును అన్న కొడుకా! భూమి పదును! తడి ఆరిపోతాంది, విత్తనం మొలువది అన్న!" ఆయనకు నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. చిన్నదొరా అనడం మరిచి కొడుకా అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

ఆయన్ను ఎడ్ల దగ్గరే ఉండమని చెప్పి, విరిగిన కర్రు పట్టుకొని నేను ఇంటికి పరుగెత్తాను. ఎండ చురుక్కుమంటున్నది. దారిపొడవునా మన్ను రంగు మారుతూ, నలుపు కాస్తా బూడిదవుతూ కనిపించింది. సాయంత్రానికి విత్తనం పడకపోతే ఆ వాన మాకు పడనట్టే. ఇంకో వాన దాకా బాపు ఆగరు. ఇచ్చిన మాట మెట్‌పల్లిలో ఉంది.

కొట్టంలోకి వచ్చేసరికి గోడ కూలిన చోట కమ్మరి నిలబడి ఉన్నాడు. బాపు ఈడువాడే. భుజం మీద తన సుత్తె.

"నా ఊర్ల ఇంకో కొలిమి పెట్టింది ఎవడో సూద్దామని వచ్చిన" అన్నాడు. "నాలుగు దినాలకెల్లి ఆ సప్పుడు వింటాంటే నా పని మీద చెయ్యి ఆడుతలేదు. ఎవలన్న ఇనుమును గట్ల కొడుతరా?" తర్వాత గద్దెను, సంచిని, గొట్టాన్ని ఒక్కొక్కటిగా చూశాడు. పెదవి వంకర పోయింది. "నీళ్ళు తోడే మోటతోని నిప్పు ఊదుతున్నవా? గీ బందూకుల నుంచి ఇప్పుడు గాలే వస్తాందన్నట్టు!"

"వస్తాంది. బాగనే వస్తాంది" అన్నాను. నా కొలిమిని ఎవరు ఏమన్నా నేను పడను.

మాటలు విని బాపు వచ్చారు. అన్నేళ్ళ తర్వాత ఇద్దరూ ఎదురుపడడం అదే.

"లోపటికి రమ్మని ఎవలు పిలువలే" అన్నారు బాపు.

"లోపటికి ఎవలు వచ్చిండ్రు దొరా? నా కాళ్ళు బజార్ల ఉన్నయ్, సూడుండ్రి."

నిజమే. గోడ కూలిన రాళ్ళకు అవతల ఉన్నాయి కాళ్ళు. మనిషి మాత్రం కొలిమి మీదికి వంగి ఉన్నాడు. బాపు ఆ కాళ్ళ వైపు చాలాసేపు చూశారు.

"ఉన్నయ్" అన్నారు.

వంటింటి గడపలోంచి అత్తమ్మ గొంతు వచ్చింది. "ఇద్దరు మొగోళ్ళు కాళ్ళు సూసుకుంట నిలవడుండ్రి. అవతల చెల్క ఎండుతాంది."

నా చేతిలోని విరిగిన కర్రు మీద బాపు చూపు పడింది, తర్వాత కమ్మరి చూపు పడింది. కమ్మరి చేయి చాచాడు. నేను బాపు వైపు చూడకుండానే దాన్ని ఆ చేతిలో పెట్టాను.

"ముంచినవా?" అన్నాడు విరిగిన అంచు చూసి.

"ముంచిన."

"బతికినవ్ పో. మొదలు మిగిలింది. సాగుతది." బొగ్గుల్లో పెట్టాడు. "గాలి ఎవలు ఊదుతరు?"

నేను తాడు పట్టుకున్నాను. బొబ్బలు పగిలి తాడు తడిసింది, జారింది. మళ్ళీ పట్టుకోబోతుంటే వెనుక నుంచి ఒక చేయి వచ్చి తాడును అందుకున్నది. బాపు కండువా తీసి నా భుజం మీద వేశారు. అంగీ చేతులు మడిచారు. తాడు లాగారు.

మా వంశంలో నడుము వంచడం ఎవరికీ రాదు. తాడు లాగడానికి నడుము వంచనక్కరలేదని ఆ రోజు చూశాను. నిటారుగా నిలబడి, దర్బారులో నిలబడ్డట్టే నిలబడి లాగారు. మోట సంచి ఉబ్బింది, అణిగింది. నిప్పు తెల్లబడింది. కమ్మరి తల ఎత్తలేదు. చాలాసేపటికి మాత్రం, "జర నిదానం. ఆ, గట్ల" అన్నాడు. బాపు జర నిదానించారు.

కమ్మరి బజారులోనే నిలబడి, కొలిమి మీదుగా వంగి, మా గుండు మీద కొట్టాడు. ఒకసారి మాత్రం సుత్తె ఆపి గుండును పోల్చుకున్నట్టు చూసి, నవ్వును మీసం కింద దాచుకొని మరింత గట్టిగా కొట్టాడు. మొన వచ్చాక కొసను మాత్రం నీళ్ళకు తాకించి, తీసి, రంగు చూసి, మళ్ళీ తాకించాడు.

అత్తమ్మ చల్ల చెంబు తెచ్చి కూలిన గోడ రాయి మీద పెట్టింది. కమ్మరి తాగి, చెంబు బోర్లించి, సుత్తె భుజాన వేసుకున్నాడు.

"పంట వస్తే నా వాటా కల్లం కాడ. అందరి లెక్కనే" అన్నాడు.

"అందరి లెక్కనే" అన్నారు బాపు. కమ్మరి కదలబోతుంటే, "ఏమయ్యా" అని పిలిచారు. అయ్యా అని ఆయన్ను ఆ గడీ నుంచి ఎవరూ పిలిచి ఉండరు. "వచ్చే మిరుగం ముందట?"

కమ్మరి కొలిమిని ఇంకోసారి చూశాడు. "గిక్కడి దాక వస్త. గిది గడీ కాదు, నా కొలిమి కాదు. ఫికర్ లేదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, నాతో అన్నాడు. "ఆ మోట మంచిగనే కట్టినవ్."

పొద్దు గూకేలోపు చెలకలో జొన్నలు పడ్డాయి. జీతగాడు చివరి సాలులో పిడికెడు మన్ను పిసికి, "అందింది దొరా, పదును అందింది" అని బాపుతో చెప్పాడు. బాపు ఇంటికి వచ్చి కుర్చీలో కూర్చొని, జీవితంలో మొదటిసారి నా కళ్ళ ముందు వీపు వెనక్కి ఆనించారు. పొడుగ్గా ఊపిరి వదిలారు. మా మోట తిత్తి కూడా తాడు వదిలేస్తే అలాగే వదిలేది. అత్తమ్మ పచ్చిపులుసు, జొన్నరొట్టె పెట్టింది. తిన్న తర్వాత లేచి, తలుపు దగ్గరి జాడీలను ఒక్కొక్కటే మళ్ళీ అటక ఎక్కించింది. నేను కింద నుంచి అందించాను.

తర్వాతి చలికాలం గోడలు కట్టే సుతారి వచ్చి, కొట్టం గోడ కట్టమంటారా దొరా అని అడిగాడు. మంచి రాయి ఉంది, మనుషులు ఉన్నారు.

"వద్దు. గాలి రానియ్" అన్నారు బాపు.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గోడ కట్టలేదు. ప్రతి మిరుగం ముందు కమ్మరి అక్కడికి వచ్చేవాడు. కాళ్ళు బజారులోనే ఉంచేవాడు. తాడు బాపే లాగేవారు. తర్వాత్తర్వాత ఆయన మా కర్రు కోసం వచ్చిన రోజున ఊళ్ళోవాళ్ళు నలుగురైదుగురు తమ కర్రులు కూడా అక్కడికే తెచ్చేవారు. మా కర్రు వాటితో పాటే వరుసలో ఉండేది. అది వరుస అని ఎవరూ అనలేదు గనుక బాపుకు ఇబ్బంది కలగలేదు. గడీ ఇప్పుడు లేదు. చెలక నా చేతి మీదుగానే అమ్ముడుపోయింది, కానీ అది మా ఇష్టంతో, మా సమయంలో. మెట్‌పల్లి వెనుక గదులు ఎలా ఉంటాయో నేను ఈనాటికీ చూడలేదు.

మేడ మీద మా మనవరాలి కొలిమి అంటుకున్నది. ఆ మిషను గొంతు చించుకుంటూ ఊదుతున్నది. మా మోట ఇంత అరవలేదు. ఎర్రబడిన ఇనుప చువ్వను పట్టుకారుతో పైకి తీసి, బకెట్ నీళ్ళ మీద పట్టుకొని నా వైపు తిరిగింది.

"తాతా, ఇప్పుడు పదును పెట్టాల్నా?"

నేను జవాబు చెప్పే ముందు, వాన మబ్బు ఉందేమోనని తల ఎత్తి ఆకాశం వైపు చూశాను.